గుచ్చిన పుస్తకం

తిరుపతిలో ఒక పెళ్లికూతురి జాకెట్టు మీద నెమలి పురివిప్పిందంటే, దాన్ని గీసిన మనిషి ఒకడుంటాడు, కుట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, మధ్యలో ఎవరికీ గుర్తురాని మనిషి ఇంకొకరుంటారు. మునిచంద్ర మగ్గం వర్క్ షాపులో ఆ మధ్య మనిషి తిరుమలమ్మ. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె పని గుచ్చడం. మునిచంద్ర ట్రేసింగ్ కాగితం మీద పెన్నుతో నెమలిని గీస్తాడు. ఆ కాగితాన్ని మడతపెట్టిన కంబళి మీద పరిచి, కర్రపిడి బిగించిన సూదితో గీత వెంబడే తిరుమలమ్మ సన్న సన్న బొక్కలు పొడుస్తుంది. కాగితాన్ని పట్టుగుడ్డ మీద పెట్టి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని పీలికతో రుద్దితే, పొడి బొక్కల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కల నెమలి తేలుతుంది. ఇక కుట్టేవాళ్లు దాన్ని మగ్గానికి బిగించి కుడతారు. పెళ్లయ్యాక ఫొటోలు చూసి నెమలిని మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటారు. బొక్కల్ని మెచ్చుకున్నవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"గీసేది నేను, గుచ్చేది నువ్వు. మనం ల్యాకపోతే ఈ ఊర్లో పెండ్లిండ్లు యాడ జరుగుతాయి తిరుమలమ్మా!" అని మునిచంద్ర సరదా పుట్టినప్పుడల్లా అంటాడు. మనిషి మంచివాడే. తన గీత మీద మాత్రం కొంచెం అతిశయం ఎక్కువ. ఆకు గీసినా, మామిడిపిందె గీసినా గీసిన తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి, దాన్ని తనే ఒకసారి ముద్దుగా చూసుకుంటాడు.

తిరుమలమ్మ కూర్చునే చోటు కిటికీ పక్కన. ఉదయంపూట వెలుతురు ఎడమ భుజం మీదుగా వచ్చి కాగితం మీద పడుతుంది. ఇన్నేళ్లలో షాపులో సున్నం మారింది, ఫ్యాన్లు మారాయి, కుట్టేవాళ్లు పదిమంది మారారు. ఆమె, ఆమె కంబళి, ఆ కిటికీ మారలేదు. ఇంటి గొడవలన్నీ మెట్టు కిందే వదిలేసి వచ్చి ఆమె సూది పట్టుకునేది. అక్కడ కూర్చుంటే తన కడుపులో చల్లగా ఉంటుందని ఎవరితోనూ అనలేదు గాని, అది నిజం.

జ్యేష్ఠమాసం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గరికే ఒక పెద్ద అట్టపెట్టె వచ్చి దిగింది. అందులోంచి ఒక మిషను బయటపడింది. దాని అద్దం మీద గీసిన కాగితం బోర్లించి మూత వేస్తే, అది బొమ్మను చూసుకుని, పక్కనున్న పలక మీద ఇంకో కాగితానికి టకటకమని తనే బొక్కలు కొట్టేస్తుంది. తిరుమలమ్మకి రెండు గంటలు పట్టే నెమలి దానికి నాలుగు నిమిషాలు. కిటికీ పక్కనే ప్లగ్గు ఉంది కాబట్టి మిషనుకి ఆ చోటే కుదిరింది. తిరుమలమ్మ కంబళి వెనక గోడ దగ్గరికి జరిగింది.

సాయంత్రం కుట్టేవాళ్లు వెళ్లేదాకా ఆగి మునిచంద్ర ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీకు సెప్పకుండా సేస్తే తప్పు తిరుమలమ్మా. ఇంక ఈడ గుచ్చే పని ఉండదు. కుట్టిద్దామంటే పూసలు ఎక్కించేదానికి నీ కండ్లు ఆనవు."

"అయితే రావద్దంటావా అన్నా?"

"అట్ట గాదు. ఆషాఢంలో ఎట్టా పెండ్లిండ్లు ఉండవు, పని ఉండదు. శ్రావణం వొచ్చేదాకా ఉండు. మా పాప మీకందరికీ ఏందో పుస్తకాలు ఇస్తానంటాది. నువ్వు కూడా దాంట్లో ఏదన్నా సూడు. సొంతంగా ఒక్క కొత్త డిజైను తెచ్చినావంటే నీ సోటు నీదే. ల్యాకుంటే నేనే ఇంకో షాపులో సెప్పి పనికి పెడతా."

ఇంకో షాపు అన్న మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. అయినా తల ఊపింది. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె మునిచంద్ర మాటకి ఎదురు చెప్పింది లేదు. గీత ఎటు పోతే సూది అటు పోవడమే ఆమెకి తెలుసు.

పుస్తకాలు తెచ్చిన పాప మునిచంద్ర కూతురు ఐశ్వర్య. బట్టల డిజైన్ల చదువు చదివి అప్పుడే ఇంటికి వచ్చింది. మందమైన తెల్లకాగితాలతో గట్టి అట్ట వేసిన స్కెచ్‌బుక్కులు షాపులో అందరికీ తలొకటి పంచింది. ఫోన్లో చూసి గీయకూడదని మొదటి షరతు పెట్టింది.

"రోజూ మీరు కండ్లతో సూసింది ఏదో ఒకటి దీంట్లో పెట్టండి అత్తా. బాగుండాల్సిన పని లేదు. బాగలేదని పేజీ మాత్రం సించొద్దు. ఈ పేజీలో పెట్టింది పక్క పేజీలోకి పోవల్ల, అది ఇంకో పేజీలోకి పోవల్ల. అట్ట పోయి పోయి, ముందు మనకే తెలియనిది ఒకటి వస్తాది."

"యాడికి పోతాది పాపా? కాగితమే గదా?" అంది తిరుమలమ్మ. అందరూ నవ్వారు. ఆమె హాస్యానికి అనలేదు. నిజంగానే అర్థం కాలేదు.

ఇంటికి వెళ్లి పెన్సిలు పట్టుకుంటే తెలిసింది అసలు సంగతి. వేల నెమళ్లు తన చేతి కిందినుంచి పోయాయి కదా, ఒక చిలకను గీయలేనా అనుకుంది. చిలక బల్లిలా వచ్చింది. తుడిపి మళ్లీ గీస్తే తోక తెగిన బల్లిలా వచ్చింది. గుచ్చేటప్పుడు రాయిలా నిలిచే చెయ్యి, పెన్సిలు పట్టేసరికి జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మరునాడు షాపులో జెస్సీ ఆ పేజీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జెస్సీ ఇరవై రెండేళ్ల పిల్ల, మంచి కుట్టుపని తెలిసింది, మనసు కూడా మంచిదే. కాని నవ్వు ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాదు.

"అక్కా, ఇది చిలకేనా?"

"కాదు లే, నీ మొగం," అని తిరుమలమ్మ పుస్తకం లాక్కుని, చించకూడదన్నారు కాబట్టి ఆ బల్లిని రబ్బరుతో కాగితం వేడెక్కేదాకా రుద్దింది. ఆ తర్వాత నాలుగు రోజులు పుస్తకం తెరవలేదు. జెస్సీ పుస్తకంలో అప్పటికే ఎనిమిది పేజీల గులాబీలు పూశాయి.

అయిదో రోజు ప్రేమానందం చెయ్యి విరిగింది. ప్రేమానందం తిరుమలమ్మ భర్త, ఆటో నడుపుతాడు. కరకంబాడి రోడ్డులో గేదె అడ్డమొస్తే దాన్ని తప్పించబోయి ఆటోతో సహా పక్కకి ఒరిగాడు. గేదెకి ఏమీ కాలేదు. ఈయనకి ఎడమచేతి ఎముక, భుజానికీ మోచేతికీ మధ్య, విరిగింది. ఎక్కడికి పోదామని ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. వాళ్ల నాయనకి కాలు విరిగినా పుత్తూరే, అన్నకి మణికట్టు తొలిగినా పుత్తూరే. చేతిని తువ్వాలుతో మెడకి కట్టుకుని, మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లాం పుత్తూరు బస్సెక్కారు.

బయలుదేరేటప్పుడు తిరుమలమ్మ సంచిలో నీళ్లసీసా, పెరుగన్నం డబ్బాతో పాటు స్కెచ్‌బుక్కు కూడా వేసుకుంది. శ్రావణం ఎంతో దూరం లేదు. కళ్లతో చూసింది పెట్టమన్నారు, దారిలో ఏదైనా కనపడకపోతుందా అని ఆశ.

రేణిగుంట దాటాక ముందు ఏదో లారీ ఆగిపోయి బస్సు నిలిచిపోయింది. కిటికీకి అడ్డంగా మూడు ఇనుప కడ్డీలు. ఆ కడ్డీల వెనక దూరంగా కొండల వరస. కడ్డీ ఉన్నచోట కొండ తెగుతోంది, సందు ఉన్నచోట మళ్లీ కలుస్తోంది. బాగుందే అనుకుని తిరుమలమ్మ పుస్తకం తీసింది. పెన్సిలు తీస్తే ములికి విరిగిపోయి ఉంది. సంచి అడుగున గుచ్చే సూది చేతికి తగిలింది. అది ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది, ముక్కుపుడక ఒంటి మీద ఉన్నట్టు.

ఆమె రెండుసార్లు ఆలోచించలేదు. మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని, కడ్డీలను మూడు వరసలు గుచ్చింది. వాటి మధ్య కొండ ఎక్కడ తెగితే అక్కడ సూది ఎత్తి, ఎక్కడ కలిస్తే అక్కడ దించుతూ పోయింది. గీయడానికి రాని కొండ గుచ్చడానికి వచ్చింది. చెయ్యి వణకలేదు.

"ఏం మే, నా సెయ్యి ఇరిగి నేనేడస్తా ఉంటే నువ్వు కాగితానికి బొక్కలు పెడతా ఉండావా?" అన్నాడు ప్రేమానందం.

"నువ్వేడస్తే నీ సెయ్యి అతుక్కుంటాదా? కుదురుగా కూసో."

పుత్తూరులో ఎముకలకి కట్టు కట్టేచోట ఎప్పటిలాగే జనం. చేతులు మెడకి వేలాడేసుకున్నవాళ్లు, కాళ్లు చాపుకున్నవాళ్లు, అరవదేశం నుంచి కార్లలో వచ్చినవాళ్లు, అందరూ ఒకే అరుగు మీద వరసగా కూర్చున్నారు. ప్రేమానందం వంతు వచ్చింది. కట్టు కట్టే పెద్దాయన పేరు కుప్పుస్వామి, డెబ్భై ఏళ్లుంటాయి. వేళ్లతో ఎముకని తడిమి, మాటల్లో పెట్టి, ప్రేమానందం "అబ్బా" అనేలోగా సర్దేశాడు. ఆకుపసరు పూసి, గుడ్డ చుట్టి, దాని మీద సన్నని వెదురుబద్దలు నిలువుగా పేర్చి, మళ్లీ గుడ్డపట్టీతో చుట్టడం మొదలుపెట్టాడు. పట్టీ ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి ఏటవాలుగా పోతోంది. రెండు చుట్లు ఒకదాన్నొకటి దాటిన చోటల్లా చిన్న చిన్న సందులు మిగులుతున్నాయి. ఆ సందుల్లోంచి వెదురు పచ్చగా కనపడుతోంది.

"రవంత గట్టిగా కట్టు సామీ. ఈయన కుదురుండే మనిషి గాదు," అంది తిరుమలమ్మ.

"గట్టిగా కడితే సెయ్యి నల్లబడతాది తల్లీ. కట్టేదానికంటే వదిలేది కష్టం. యాడ వదలల్లో తెలిస్తే ఎముక దానంతట అదే అతుక్కుంటాది," అన్నాడు కుప్పుస్వామి. ఆ మాట రోజుకి ఎంతమందితో అంటాడో గాని తిరుమలమ్మ చెవిలో మాత్రం పడి ఉండిపోయింది.

మందు ఆరేదాకా అరుగు మీద కూర్చోమన్నారు. కట్టును గుచ్చుదామని ఆమె పుస్తకంలో పేజీ తిప్పింది. తిప్పి, "అయ్యో నా తల్లీ" అనుకుంది. కొత్త పేజీ నిండా బొక్కలున్నాయి. కడ్డీలూ కొండలూ అచ్చంగా దిగిపోయి ఉన్నాయి. ఇంకో పేజీ తిప్పింది, అక్కడా ఉన్నాయి. అయిదు పేజీల కిందిదాకా పోయాయి, పోనుపోను సన్నబడి.

తప్పు తన చేతిదే. జాకెట్టుకి రెండు చేతులు కాబట్టి షాపులో ట్రేసింగ్ కాగితాలు రెండు కలిపే గుచ్చాలి. ఒకే డిజైను రెండు జాకెట్లకి కావాలంటే నాలుగు. పై కాగితంతో ఆగిపోకుండా అడుగు దాకా సూది దించడం ఆమె ఒంటికి పట్టిపోయింది. మధ్యలో అట్టముక్క పెట్టుకోవాలన్న ఆలోచన ఇరవై ఒక్క ఏళ్లలో రాలేదు, ఇప్పుడెందుకు వస్తుంది? ఇంకొకరైతే ఈ పొరపాటు చెయ్యమన్నా చెయ్యలేరు.

ఐశ్వర్య ఇచ్చిన మంచి పుస్తకం పాడుచేశానే అని ఆమెకి నిజంగా బాధ కలిగింది. కాని వేరే పుస్తకం లేదు, కట్టేమో కళ్లెదురుగా ఉంది. చేసేది లేక, కొండల బొక్కలున్న పేజీ మీదే కట్టును గుచ్చింది.

ఎనిమిది రోజులకి ఒకసారి కట్టు మార్చాలి. అలా ఇంకో నాలుగుసార్లు పుత్తూరు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ ఆమె ఒకటో రెండో గుచ్చింది, పేజీకి మూడు నాలుగు చొప్పున. అరుగు మీద ఒక ముసలమ్మ మెడకి కట్టుకున్న చీరముడి. ఎండలో ఆరేసిన పట్టీల వరస. మళ్లీ ప్రేమానందం కట్టు, ఈసారి మోచేతి వైపు నుంచి. అట్టముక్క పెట్టుకోవాలని ప్రతిసారీ అనుకునేది, ప్రతిసారీ మరిచిపోయేది. ఏ పేజీ తిప్పినా పాతవి ముందే వచ్చి కూర్చుని ఉండేవి. మొదట్లో విసుక్కుంది. తర్వాత తర్వాత, "ఈ రోజు ఏం దిగిందో" అని తిప్పి చూసుకోవడం అలవాటైంది. పట్టీల వరస పక్కన కొండ కొన కనపడితే, కొండకి ఆనేటట్టుగా ఇంకో పట్టీ గుచ్చేది. ప్రేమానందం పక్కనుంచి తొంగి చూసి, "ఏముండాదే దాంట్లో? తెల్ల కాగితమే గదా," అనేవాడు.

ఆషాఢం చివరి ఆదివారం ప్రేమానందం ప్రార్థనకి వెళ్లాడు. తిరుమలమ్మ ఇంట్లో వాకిలి దగ్గర కూర్చుని పుస్తకం ముందేసుకుంది. ఇంకా వారం కూడా లేదు. చూపించడానికి డిజైను అని ఏదీ లేదు. మనసులో భయం మెల్లగా లేస్తోంది. గీసేవాళ్లకే డిజైను, నాలాంటి దానికి ఏముంటుంది అనుకుంటూ పేజీలు తిప్పుతోంది. ఆరో పేజీ దగ్గర గాలికి కాగితం లేచి నిలబడింది. వాకిట్లో ఎండ దాని వెనక పడింది.

ఆ పేజీలో తిరుమలమ్మ అప్పటికి ఒక్క బొక్క కూడా పెట్టలేదు. అయినా అందులో అన్నీ ఉన్నాయి. నిలువుగా వెదురుబద్దలు, వాటి మీద ఏటవాలు చుట్లు, చుట్ల మధ్య సందులు. ఆ సందుల్లో, అందీ అందనట్టు, తెగుతూ కలుస్తూ పోయే కొండల వరస. దగ్గరి పేజీలవి పెద్ద చుక్కలు, దూరం పేజీలవి సన్నవి. పైన భుజం, కింద మోచెయ్యి. అది జాకెట్టు చెయ్యి అని ఆమెకి ఒక్క క్షణంలో తెలిసింది. "పోయి పోయి, ముందు మనకే తెలియనిది" అని పాప అన్నది ఇదే కాబోలు. ఒళ్లంతా సంతోషం పాకింది. గబగబా లోపలికి వెళ్లి సూది తెచ్చుకుంది.

కొత్తగా ఏమీ గుచ్చలేదు. కావలసిన బొక్కల్లోనే సూదిని రెండోసారి దించి వెడల్పు చేసింది. అక్కరలేనివాటిని అలాగే వదిలేసింది. కుప్పుస్వామి చెప్పినట్టు, వదలడమే కష్టంగా ఉంది. ఈసారి మాత్రం అడుగున అట్టముక్క పెట్టుకుంది.

శ్రావణం రేపనగా మునిచంద్ర అందరినీ పుస్తకాలు తెమ్మన్నాడు. ముందు జెస్సీ. గులాబీలు, గులాబీ మొగ్గలు, గులాబీ మీద సీతాకోకచిలుకలు. బాగున్నాయి. మునిచంద్ర మెచ్చుకున్నాడు. ఐశ్వర్య మాత్రం, "ఈ పువ్వు నా ఫోన్లో కూడా ఉండాది జెస్సీ," అంది. జెస్సీ నాలుక కరుచుకుంది.

తర్వాత తిరుమలమ్మ పుస్తకం. మునిచంద్ర కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, బొటనవేలితో పేజీల అంచు పట్టి పరపరా తిప్పాడు. గీత కోసం చూస్తున్నాడు కాబట్టి గీత లేని పేజీలన్నీ అతనికి తెల్లగానే కనపడ్డాయి. మొదటి పేజీలో రబ్బరు రుద్దిన మచ్చ తప్ప ఏమీ లేదు. మళ్లీ వెనకనుంచి ముందుకి తిప్పాడు. పుస్తకం మూసేశాడు.

"ఏందమ్మా ఇది, ఖాళీ పుస్తకం తెచ్చినావు?" గొంతులో కోపం లేదు, జాలే ఉంది. అది మరీ బాధ. "నీ తప్పేం లేదులే. అందరికీ రావల్లంటే యాడ వస్తాది? రేపు నేను ఆ షాపాయనతో మాట్లాడతా."

అందులో ఏముందో మాటల్లో చెప్పడం తిరుమలమ్మకి రాదు. మాటలు రాకపోతే పోనీ, చేతులున్నాయి కదా. లేచి వెళ్లి గంపలోంచి మెరూన్ పట్టుముక్క ఒకటి తెచ్చింది. ఆరో పేజీ కింద దాన్ని దూర్చి పరిచింది. పీలికని కిరసనాయిల్లో తడిపి, తెల్లపొడి అద్ది, తన పద్ధతిలో పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి రుద్దింది. అందరూ చూస్తుండగా పేజీ ఎత్తింది.

మెరూన్ గుడ్డ మీద ఒక చెయ్యి ఉంది. వెదురుబద్దలూ కట్టూ దట్టంగా, తెల్లగా. కట్టు సందుల్లో కొండలు, పొడి అందీ అందని సన్న చుక్కల్లో, ఎంతో దూరంలో ఉన్నట్టు. జెస్సీ ఈసారి నవ్వలేదు. మునిచంద్ర కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాడు. తనది కాని పనిని అతను అలా చూడటం తిరుమలమ్మ అదే మొదటిసారి చూసింది.

"ఇదేంది... పుత్తూరు కట్టు గదా!" అన్నాడు చివరికి. ఆ వెంటనే అతనిలో షాపు యజమాని లేచాడు. "ఉండుండు, దీన్ని మిషన్లో పెడదాం." పుస్తకాన్ని తెరిచి పేజీని అద్దం మీద బోర్లించి మూత వేశాడు. మిషను ఒకసారి గుర్రుమంది. తెర మీద తెల్లకాగితం కనపడింది. వెలుతురు పెంచి మళ్లీ వేశాడు. మళ్లీ తెల్లకాగితమే. బొక్కల వెనక పేజీలూ తెల్లగానే ఉంటే దానికి మాత్రం ఏం కనపడుతుంది పాపం!

"నీ మిషనుకి కూడా కండ్లద్దాలు నెత్తి మీదికి పోయినాయేమో అన్నా," అంది జెస్సీ.

మునిచంద్ర జేబులోంచి పెన్ను తీశాడు. "దీనికి కనపడల్లంటే గీత ఉండల్ల. రవంత చుక్కలు కలిపేస్తే అయిపోతాది." పెన్ను మూత తీసి కాగితం మీదికి వంగాడు.

తిరుమలమ్మ అరచెయ్యి తీసుకొచ్చి పేజీకి అడ్డం పెట్టింది.

"వొద్దన్నా. గీత పడితే అంతా ఒకటే మాదిరి అయిపోతాది. ఆ సన్న చుక్కలు పోతాయి. అవి పోతే దాంట్లో ఇంకేముండాది?"

అని, తను అన్నది తన చెవులతో విని తనే ఉలిక్కిపడింది. కాని చెయ్యి తియ్యలేదు. మునిచంద్ర ఆ చేతినీ, గుడ్డ మీది చుక్కలనీ మార్చి మార్చి చూశాడు. మూత పెట్టి పెన్ను జేబులో వేసుకున్నాడు.

"సరే. మరి దీనికి జోడు యాడ? రెండో పక్కకి కూడా ఇదే తిప్పి వేస్తావా?"

జాకెట్టుకి కుడి ఎడమలు ఒక్కటిగా ఉండాలి. ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజున నేర్పే పాఠం అది. కాగితాలు రెండు కలిపి గుచ్చేది అందుకే. తిరుమలమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది.

"మా ఆయనకి ఒక సెయ్యే ఇరిగింది గదన్నా," అంది. "రెండో పక్క కట్టు ఎందుకు? ఉత్త కొండలు పెడదాం."

మునిచంద్ర ముందు నోరు తెరిచాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడ్డాడు. "జోడు ల్యాకుండా అట్టాంటి జాకెట్టు ఎవురేసుకుంటారమ్మా ఈ తిరుపతిలో?"

"నేనేసుకుంటా నాయనా," అంది ఐశ్వర్య. పట్టుముక్కని పొడి రాలకుండా రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి తన భుజానికి ఆనించి చూసుకుంటోంది. "మొదటిది నాకే."

కూతురు మాట తీసెయ్యడం మునిచంద్ర వల్ల ఏనాడూ కాలేదు. ఈసారి తీసెయ్యాలని అతనికీ లేదు. కాసేపటికి లేచి, కండువా దులుపుకుని, మిషను ఒక కొసన తనే పట్టుకున్నాడు. "జెస్సీ, ఆ కొస పట్టుకో. దీన్ని ఎనక గోడకి జరుపుదాం. వైరు పొడుగుది కొనుక్కుంటే సరిపోతాది." తిరుమలమ్మ కంబళి తెచ్చి కిటికీ పక్కన పరుచుకుంది. పరుస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తిరగనిచ్చింది.

సాయంత్రం ప్రేమానందం ఆమెని తీసుకుపోవడానికి వచ్చాడు. కట్టు విప్పి రెండు రోజులైంది. చెయ్యి సన్నబడి, పాలిపోయి, పట్టీల అచ్చులు ఇంకా ఏటవాలుగా చర్మం మీద ఉన్నాయి. పట్టు అప్పటికే మగ్గానికి ఎక్కింది. అతను దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. చొక్కాచెయ్యి పైకి మడిచి, తన చేతిని చుక్కల పక్కన ఆనించాడు. అచ్చులూ చుక్కలూ ఒకే వాలులో ఉన్నాయి.

"మే, ఇది నా సెయ్యి గదా?" అన్నాడు నమ్మలేనట్టు. "బస్సులో బొక్కలు పెడతా ఉండేది ఇదా? అయితే ఇది నాదే!"

తిరుమలమ్మ సూదిని సంచిలో వేసుకుని లేచింది.

"సెయ్యి నీదేలే," అంది. "పని మాత్రం నాది."

ప్రేమానందం స్కెచ్‌బుక్కు తీసి ఆ బాగైన చేత్తోనే చంకలో పెట్టుకుని, ఆమె వెనకే మెట్లు దిగాడు.